పాల మీద పెట్టుబడి, పశువు మీద పెట్టుబడి



గుడివాడ దగ్గర పెదపారుపూడి పేరు చెబితే చాలామందికి ముందుగా గుర్తొచ్చేది రామోజీరావు గారు. 1936 నవంబరు 16న ఆయన పుట్టింది ఈ ఊళ్ళోనే. ఆయన పెట్టిన దినపత్రిక ‘ఈనాడు’ 1974లో వచ్చింది కానీ, అంతకు అయిదేళ్ళ ముందే, 1969లో, ఆయన రైతుల కోసం ‘అన్నదాత’ మాసపత్రిక పెట్టారు. పంటలతో పాటు పాడికీ అందులో చోటు దొరికింది. అదే ఏడు విజయవాడలో యునిసెఫ్ తోడ్పాటుతో కట్టిన పాల కర్మాగారం పనిలోకి వచ్చింది. అంతవరకూ కృష్ణా డెల్టాలో పాడి అంటే ఇంటి పెరుగు, కవ్వం, పట్నానికి పంపే నెయ్యి. పాలు ఎక్కువ దూరం పోయేవి కావు. కర్మాగారం వచ్చాక ఊరి పాలు లారీ ఎక్కాయి. వడ్ల డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లు చేతికొస్తే, పాల డబ్బు పది రోజులకోసారి రావడం మొదలైంది. ఆ పది రోజుల బిల్లు మీద ఎన్ని ఇళ్ళలో పిల్లల చదువులు గడిచాయో ఈ ప్రాంతంలో ఎవర్ని అడిగినా చెబుతారు.

ఇది పాల డబ్బు కథ. ఈ డబ్బు ఎక్కడిదాకా వచ్చింది, ఎక్కడ ఆగిపోయింది, ఎండలూ తుపానులూ ముదిరిపోతున్న ఈ రోజుల్లో ఇంకెక్కడికి రావాలి అన్నదే నేటి ప్రసంగ విషయం.

1991లో కేంద్రం పాల పరిశ్రమకు లైసెన్సుల బంధనం తీసేసింది. అప్పటిదాకా సహకార సంఘాలదే రాజ్యం. మరుసటి ఏడే, 1992లో, హెరిటేజ్ ఫుడ్స్ పుట్టింది. 1995లో దొడ్ల డెయిరీ, 1998లో తిరుమల వచ్చాయి. ఆ తరువాత వచ్చిన పెట్టుబడుల తీరు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 2010లో అమెరికా పెట్టుబడి సంస్థ కార్లైల్ తిరుమలలో వాటా కొన్నది. 2014లో ఫ్రాన్సుకు చెందిన లాక్టాలిస్ మొత్తం తిరుమలనే కొనేసింది. 2015లో గోద్రెజ్ ఆగ్రోవెట్, ‘జెర్సీ’ పేరుతో పాలు అమ్మే క్రీమ్‌లైన్ డెయిరీలో మెజారిటీ వాటా తీసుకుంది. 2017లో టీపీజీ వారి రైజ్ ఫండ్ దొడ్లలోకి వచ్చింది. 2021లో దొడ్ల షేర్ మార్కెట్‌కి వెళ్ళింది. తెలుగు పల్లెల గేదె పాల మీద ఫ్రాన్సు నుంచీ, అమెరికా నుంచీ డబ్బు పెట్టారంటే ఇక్కడి పాడి గట్టిదన్న నమ్మకం ఉన్నట్టే కదా. సహకార రంగమూ ఊరుకోలేదు. కృష్ణా మిల్క్ యూనియన్ ‘విజయ’ పేరుతో నిలబడి, హనుమాన్ జంక్షన్ పక్కన వీరవల్లిలో కొత్త ప్లాంటు కట్టుకుంది.

ఇంత డబ్బూ దేని మీద ఖర్చయింది? శీతల కేంద్రాలు, బల్క్ కూలర్లు, ట్యాంకర్లు, ప్యాకింగ్ యంత్రాలు, పెరుగు కప్పులు, ప్రకటనలు. ఇవన్నీ కావలసినవే. పితికిన పాలు వేసవిలో గంటల్లో పులిసిపోతాయి. 4 డిగ్రీలకు చల్లబరచకపోతే రైతుకే నష్టం. అయితే ఈ పెట్టుబడంతా పాలు పొదుగు దాటాక మొదలవుతుంది. పొదుగుకు ఇవతల ఉన్న గేదె, దాని పాక, దాని గడ్డి, అది తాగే నీళ్ళు, వరదొస్తే అది నిలబడే మెరక: ఇదంతా ఆ ఇంటి ఇల్లాలి సొంత ఖర్చు. డ్వాక్రా సంఘంలో తీసుకున్న అప్పుతో గేదెను కొని, నెల నెలా వాయిదా కట్టే ఆవిడే ఈ రంగంలో అందరికంటే పెద్ద ప్రైవేటు పెట్టుబడిదారు. ఆవిడ పేరు ఏ కంపెనీ నివేదికలోనూ కనపడదు. నష్టం వస్తే మాత్రం ముందు తగిలేది ఆవిడకే.

ఇప్పుడు ఆ నష్టం ఎలా వస్తుందో కాస్త దగ్గర నుంచి చూద్దాం.

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. సిమెంటు రేకుల పాక. రేకులు కాలి, వేడి కిందికి దిగుతోంది. గేదె పడుకోలేదు, నిలబడే ఉంది. మెడ ముందుకు చాచి, నోరు కొద్దిగా తెరిచి, పక్కటెముకలు ఎగసిపడేలా ఊపిరి తీస్తోంది. మూతి నుంచి చొంగ తీగలా కారుతోంది. పొద్దున వేసిన వరిగడ్డి గాటిలో సగానికి సగం అలాగే ఉంది. తొట్టిలో నీళ్ళు చెయ్యి పెడితే వెచ్చగా తగులుతున్నాయి. ఆవుతో పోలిస్తే గేదెకు చెమట గ్రంథులు చాలా తక్కువ, పైగా నల్లటి చర్మం, పలచటి వెంట్రుక. వేడిని బయటికి పంపడానికి దానికి తెలిసిన మంచి ఉపాయం ఒక్కటే: నీళ్ళలోకో బురదలోకో దిగడం. మేత తింటే కడుపులో ఇంకా వేడి పుడుతుంది కాబట్టి మేత మానేస్తుంది. మేత మానితే సాయంత్రం పాలు తగ్గుతాయి. రెండు గేదెలున్న ఇంట్లో రోజుకు రెండు లీటర్లు తగ్గాయనుకుందాం. లీటరు 60 రూపాయల లెక్కన నెలకు 3,600 రూపాయలు పోయినట్టే. అప్పు వాయిదా మాత్రం తగ్గదు.

పాలకేంద్రం దగ్గర ఈ లెక్క ఇంకోలా తేలుతుంది. తెల్లవారుజామున క్యాన్లు పట్టుకుని వచ్చినవాళ్ళు వరసలో నిలబడతారు. చిన్న గిన్నెడు పాలు యంత్రంలో పెడితే చీటీ బయటికొస్తుంది: ఎన్ని లీటర్లు, ఫ్యాట్ ఎంత, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాలు) ఎంత, డబ్బు ఎంత. “ఫ్యాట్ ఎంతొచ్చింది?” అన్నదే అక్కడ పలకరింపు. గేదె పాలల్లో వెన్న ఆరు నుంచి ఎనిమిది శాతం దాకా ఉంటుంది కాబట్టి ధరంతా దాని మీదే నడుస్తుంది. ఆ చీటీలో రాత్రంతా గేదెకు నిద్ర లేదన్న సంగతి ఉండదు. మేపు సరిగా లేక ఎస్‌ఎన్‌ఎఫ్ కోత పడితే ఆ కోత రైతు ఖాతాలోనే పడుతుంది.

ఇంకో దెబ్బ వెంటనే కనపడదు. వేసవిలో గేదెలు ఎదకు వచ్చినా బయటికి తెలియదు. అరుపు ఉండదు, తీగలు స్పష్టంగా కనపడవు. పశువైద్యులు దీన్నే మూగ ఎద అంటారు. ఎద గుర్తించకపోతే చూడి కట్టదు. చూడి కట్టకపోతే ఈతకూ ఈతకూ మధ్య ఎడం పెరుగుతుంది. ఈ ఏడాది మే నెల ఎండ వచ్చే ఏడాది పాలబిల్లులో కనపడుతుందన్నమాట. ఏ పంట నష్టం లెక్కలోనూ ఇది చేరదు.

మరి పాత రోజుల్లో ఈ గేదెలు ఎలా బతికాయి? తాటాకు పాకలుండేవి. కాలువలుండేవి. ఊరి చెరువులో మధ్యాహ్నమంతా గేదెలు మునిగి, కళ్ళూ కొమ్ములూ మాత్రం పైకి పెట్టి ఉండేవి. తాటాకు చల్లనిదే, కానీ నిప్పుకూ గాలికీ ఆగదు. 1977, 1990 తుపానుల్లో ఈ ప్రాంతంలో ఎగిరిపోయిన పైకప్పులెన్నో. రేకులకు మారినవాళ్ళను తప్పుపట్టలేం. కాలువలకు వేసవిలో నీళ్ళు ఆపేస్తారు. పంచాయతీ చెరువుల్లో చాలావాటిని చేపల పెంపకానికి వేలం వేస్తారు; ఆ చెరువుల్లోకి గేదెను దిగనివ్వరు. దివిసీమలో కోడూరు, నాగాయలంక వైపు వెళితే బోరు నీళ్ళు కూడా ఉప్పనే. వేసవిలో పాలిచ్చే గేదెకు రోజుకు 70, 80 లీటర్ల నీళ్ళు కావాలి. అవి మంచినీళ్ళు కావాలి.

దీనికి ఖరీదైన విరుగుడేమీ అక్కర్లేదు. పాక పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి, ఎండ లోపలికి రాకుండా. రేకుల మీద సున్నం పూయాలి, లేదా గడ్డి పరవాలి. చిన్న మోటారు, పైపు, ఒక గట్టి ఫ్యాను ఉండాలి. ఇక్కడో సంగతి గమనించాలి. రాయలసీమలోనో తెలంగాణలోనో పొడి ఎండకు పొగమంచులా చిమ్మే ఫాగర్లు బాగా పనిచేస్తాయి. బందరు తీరంలో గాలిలోనే తేమ ఎక్కువ. అక్కడ ఫాగరు పెడితే ఉక్క పెరుగుతుందే తప్ప చల్లదనం రాదు. గేదె ఒళ్ళు తడిసేలా నీళ్ళు పోసి, ఆ తడి ఆరేలా ఫ్యాను తిప్పాలి. మళ్ళీ తడపాలి, మళ్ళీ ఆరనివ్వాలి. ఎక్కడో హర్యానాలో నడిచిన నమూనాను తెచ్చి గుడివాడలో పెట్టే ముందు ఈ తేడా తెలిసినవాళ్ళను అడగాలి. గన్నవరంలో 1998 నుంచీ ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. పెదపారుపూడి నుంచి అదేమంత దూరం కాదు.

మొత్తం మీద ఖర్చు కొన్ని వేల రూపాయల్లో ఉంటుంది. ఇంత చిన్న ఖర్చు కంపెనీలు ఎందుకు పెట్టవు అన్న ప్రశ్నకు జవాబు పక్కనే ఉంది. హనుమాన్ జంక్షన్, నూజివీడు చుట్టుపక్కల కోళ్ళఫారాలు చూడండి. 2015 మే నెల వడగాడ్పులకు తెలుగు రాష్ట్రాల్లో మనుషులే వెయ్యి మందికి పైగా పోయారు, కోళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. ఆ తరువాత ఈ పరిశ్రమలో పెద్ద పెద్ద ఫ్యాన్లు, తడి ప్యాడ్లు, ఉష్ణోగ్రతను అదుపు చేసే ఈసీ షెడ్లు పెరుగుతూ వచ్చాయి. ఎందుకంటే మాంసపు కోళ్ళ ఇంటిగ్రేషన్‌లో పిల్ల కంపెనీది, దాణా కంపెనీది, మందు కంపెనీది. రైతుకు పెంపకం కూలి ఇస్తారు. కోడి చస్తే ముందు కంపెనీ జేబు చిల్లిపడుతుంది. అందుకని ఎండకు పెట్టుబడి దానంతట అదే వచ్చింది. పాల దగ్గర గేదె రైతుది. గేదె వట్టిపోయినా, చచ్చినా కంపెనీ ట్యాంకరు ఇంకో ఊరికి వెళుతుంది. నష్టం ఎవరిదో పెట్టుబడి కూడా వారిదే అవుతోంది.

కోళ్ళ పద్ధతే పాడికీ రావాలని దీని అర్థం కాదు. ఆ పద్ధతిలో రైతు తన షెడ్డులోనే కూలివాడవుతాడు. గేదె ఇంటిది కావడంలో గౌరవం ఉంది, స్వేచ్ఛ ఉంది. కావలసింది నష్టంలో వాటా. అదొక్కటే.

ఆ వాటా తీసుకోవడం కంపెనీలకూ లాభమే. ఎలాగంటే, గేదెలు ఎక్కువగా వర్షాకాలం చివర నుంచి చలికాలం లోపు ఈనుతాయి. చలికాలంలో పాలు పొంగిపొర్లుతాయి, కొనేవాళ్ళు తక్కువ. వేసవిలో పాలు ఎండిపోతాయి. పెరుగుకూ మజ్జిగకూ గిరాకీ అప్పుడే. చలికాలపు పాలను పొడి చేసి దాచి, వేసవిలో నీళ్ళు కలిపి వాడుకోవడం డెయిరీలకు తప్పనిసరి అయింది. పొడి చేయడానికి ఖర్చు, నిల్వకు ఖర్చు. అదే డబ్బులో కొంత పాకలకు పెట్టి వేసవి పాలు రెండు లీటర్లు పెంచుకుంటే తాజా పాలే దొరుకుతాయి. హెరిటేజ్‌కు న్యూట్రివెట్, దొడ్లకు ఆర్గాఫీడ్ అని దాణా కంపెనీలు ఇప్పటికే ఉన్నాయి. అంటే కంపెనీ చెయ్యి రైతు పాక గుమ్మం దాకా వచ్చేసింది. దాణా అమ్మడానికి వచ్చిన చెయ్యి నీడ కట్టడానికి కూడా రావాలి.

పచ్చిమేత సంగతి మరీ ముఖ్యం. డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నేల ఇంకా పదునుగా ఉండగానే, చేలో మినుము చల్లడం అందరికీ తెలిసిన పద్ధతి. దానితో పాటు కొంత మేర పిల్లిపెసర, జనుము చల్లేవారు. వరి కోసేసరికి అవి మొలకెత్తి ఉండేవి. మంచు పదునుకే పెరిగి, ఫిబ్రవరి, మార్చి నాటికి కోతకొచ్చేవి. కొంత పచ్చిగా మేపి, మిగతాది ఎండబెట్టి వామి వేసి, ఏప్రిల్, మే నెలల్లో వరిగడ్డితో కలిపి పెట్టేవారు. మాంసకృత్తులు పుష్కలంగా ఉన్న మేత అది, నీటి తడి అక్కర్లేని మేత. వాతావరణానికి తట్టుకునే మేత అని ఈ రోజు పుస్తకాల్లో ఏది రాస్తున్నారో అది ఈ చేలల్లో తరతరాలుగా ఉంది.

కోత యంత్రం వచ్చాక కథ మారింది. గొలుసు చక్రాల కింద మొలకలు నలిగిపోతాయి. యంత్రం వదిలిన గడ్డి చేలో చెల్లాచెదురుగా పడుతుంది, కొంత ముక్కలైపోతుంది. కూలీలు దొరకరు, రెండో పంటకు తొందర, నిప్పు పెట్టేస్తే ఒక పనైపోతుందన్న ఆలోచన కొందరిది. ఇవతల గేదెకు గడ్డి లేదు, అవతల గడ్డి కాలిపోతోంది. ఈ మధ్య గడ్డిని మోపులుగా చుట్టే బేలర్లు ఊళ్ళలోకి వచ్చాయి. ఇది నిజమైన ప్రైవేటు పెట్టుబడి. ఎవరో ఒక యువకుడు ట్రాక్టరుకు బేలరు తగిలించి, మోపుకింతని తీసుకుని గడ్డి చుట్టి పెడుతున్నాడు. ఇలాంటి యంత్రాలు ఎన్ని వస్తే అంత మంచిది. దీనికి తోడు, 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను 50, 60 లీటర్ల నీళ్ళలో కరిగించి చల్లి, పొరలు పొరలుగా తొక్కి, గాలి దూరకుండా మూడు వారాలు కప్పి పెడితే గడ్డి మెత్తబడి, పోషక విలువ పెరుగుతుంది. యూరియా కొలత మాత్రం తప్పకూడదు.

మొక్కజొన్నను పాలకంకి దశలో కోసి, ముక్కలు చేసి, గాలి లేకుండా బిగించే పాతరగడ్డికి కూడా ఇప్పుడు మంచి వ్యాపారం నడుస్తోంది. కేంద్ర ప్రభుత్వ జాతీయ పశుగణ మిషన్ 2021 మార్పుల తరువాత పాతరగడ్డి, మేత దిమ్మెల యూనిట్లకు 50 శాతం, గరిష్ఠంగా 50 లక్షల రూపాయల దాకా రాయితీ ఇస్తోంది. 2020లో 15,000 కోట్లతో మొదలుపెట్టిన పశుసంవర్ధక మౌలిక సదుపాయాల నిధి కింద ప్రైవేటు డెయిరీలకూ, దాణా ప్లాంట్లకూ తీసుకున్న అప్పు మీద వడ్డీలో 3 శాతం తగ్గుతుంది. 2024లో ఆ నిధిని 29,610 కోట్లకు పెంచి 2025–26 దాకా పొడిగించారు. చిన్న రైతుకు కిసాన్ క్రెడిట్ కార్డు పాడికి కూడా వర్తిస్తుంది. దారులు లేవని కాదు. ఒక కోటి రూపాయల ప్లాంటుకు కాగితాలు రాసిపెట్టే మనిషి దొరుకుతాడు. రెండు గేదెల పాకకు ఫ్యాను పెట్టడానికి కాగితం రాసేవాడు దొరకడు. చిల్లర అప్పులను ఒక మూటగా కట్టి బ్యాంకుకు తీసుకెళ్ళే పని పాలకేంద్రమే చేయగలదు. ఎవరు రోజూ ఎన్ని పాలు పోస్తున్నారో దాని దగ్గర లెక్కుంది. బ్యాంకుకు అంతకన్నా మంచి హామీ ఏముంటుంది?

ఇక నీళ్ళ సంగతి.

1977 నవంబరు 19. దివిసీమ పేరు ఎత్తితే ఆ తేదీ చెప్పకుండా ముందుకు పోలేం. అయిదు మీటర్లకు మించి లేచిన ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది పోయారు. పశువులైతే లెక్కకు మించి. రోజుల తరబడి మనుషులనూ పశువులనూ ఒకే చోట తగలబెట్టాల్సి వచ్చింది. ఆ తరువాత తుపాను షెల్టర్లు కట్టారు, బందరులో రాడారుంది, హెచ్చరికలు ముందే అందుతున్నాయి. 1990 మే 9న మళ్ళీ ఇక్కడే పెద్ద తుపాను తీరం దాటితే మరణాలు వెయ్యి లోపు ఆగాయి. మనుషుల్ని కాపాడుకోవడం నేర్చుకున్నాం. ఇది చిన్న విజయం కాదు.

పశువుకు మాత్రం షెల్టరు లేదు. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. 2024 సెప్టెంబరు మొదట్లో అంతకంటే ఎక్కువగా, 11.4 లక్షల క్యూసెక్కుల పైన వచ్చింది. రెండుసార్లూ దివిసీమ లంకలు మునిగాయి. లంక ఊళ్ళలో వరద కబురు రాగానే గేదెల పలుపులు విప్పి కరకట్ట ఎక్కిస్తారు. కట్ట మీద వరసగా పశువులు, పక్కన టార్పాలిన్ కింద మనుషులు. గేదెను వదిలి షెల్టరుకు రమ్మంటే చాలామంది రారు. రాకపోవడం మొండితనం కాదు, ఉన్న ఆస్తి అదే. ముందు మూడు రోజులు మేతే పెద్ద సమస్య. గడ్డివామి నానిపోయి ఉంటుంది. కరెంటు ఉండదు కాబట్టి పాలకేంద్రంలో కూలర్ ఆగిపోతుంది. రోడ్డు తెగితే ట్యాంకరు రాదు. పితికిన పాలు పారబోయాల్సిందే, పితక్కుండా ఉంచితే పొదుగువాపు. నీళ్ళు తీశాక గొంతువాపు, కార్జపు జలగ. ఒక్క వరద ఇన్ని రకాలుగా ఖర్చు పెట్టిస్తుంది.

బంగ్లాదేశ్ తీరంలో 1970 నాటి మహా తుపాను తరువాత మట్టితో ఎత్తయిన దిబ్బలు పోశారు. వాటిని కిల్లాలంటారు. ఉప్పెన వస్తే పశువుల్ని వాటి మీదికి తోలుతారు. కొత్తగా కట్టినవాటిలో మనుషులకు గది, పశువులకు చోటు, మంచినీళ్ళు కలిపి ఉంటున్నాయి. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ మండలాల్లో డెయిరీలు, ఆక్వా ఎగుమతిదారులు, బందరు రేవుకు వచ్చే కంపెనీలు సామాజిక బాధ్యత నిధులతో ఇలాంటి మెరక దిబ్బలు పోయించవచ్చు. పెదపారుపూడిలో రామోజీ ఫౌండేషన్ ఊరిని దత్తత తీసుకుని పనులు చేయించింది. ఇలాంటి ఊరిపని ప్రైవేటు డబ్బుతో జరగదని అనడానికి వీల్లేదు. దిబ్బ మీద ఎండుగడ్డి మోపులు, ఒక చేతిపంపు, టీకాల పెట్టె ఉంటే చాలు.

పోయిన గేదెకు పరిహారం సంగతీ తెలుసుకోవాలి. విపత్తు నిధి నిబంధనల ప్రకారం పాడి గేదెకు 37,500 రూపాయలు, ఇంటికి మూడింటి వరకే. 2024 వరదల తరువాత రాష్ట్ర ప్రభుత్వం దాన్ని 50,000 చేసింది. మంచి ముర్రా గేదె లక్షకు తక్కువ దొరకదు. ఆ లోటు బీమా పూడ్చాలి. 2024 నుంచి పశు బీమా ప్రీమియంలో 15 శాతం రైతు కడితే చాలు, మిగతాది ప్రభుత్వాలు భరిస్తాయి. అంతవరకూ బాగుంది. కానీ పశువు చనిపోతే చెవి ట్యాగు చూపించాలి, డాక్టరు పరీక్ష చేసి కాగితం ఇవ్వాలి. వరదలో కొట్టుకుపోయిన గేదె చెవి ఎక్కడి నుంచి తెస్తారు? చావకుండా పాలు మాత్రం తగ్గితే ఈ బీమా పైసా ఇవ్వదు.

కేరళలో మిల్మా సంఘాలు దీనికో దారి చూపాయి. అగ్రికల్చర్ ఇన్సూరెన్స్ కంపెనీతో కలిసి, ఎండ ఒక హద్దు దాటి వరసగా కొన్ని రోజులు ఉంటే చాలు, పశువును ఎవరూ వచ్చి చూడకుండానే రైతు ఖాతాలో డబ్బు పడే పద్ధతి పెట్టాయి. అందులో వాతావరణ కేంద్రం లెక్కే సాక్ష్యం. మనకు బందరులో వాతావరణ శాఖ కేంద్రం ఉంది, గన్నవరం విమానాశ్రయంలో ఉంది. లెక్కలకు కొదవ లేదు. ప్రైవేటు డెయిరీ తన రైతులందరి తరఫునా ప్రీమియం కట్టి, దాన్ని సేకరణ ఖర్చులో కలుపుకోవచ్చు. లీటరుకు కొన్ని పైసల్లో తేలిపోయే విషయం ఇది.

ఈ మాటలు వింటూ కొందరు వేరే ప్రశ్న వేస్తారు: అసలు పశువులే కదా మీథేన్ వదిలి భూమిని వేడెక్కిస్తున్నాయి, వాటి మీద పెట్టుబడేమిటి? ఫ్రాన్సు కంపెనీ డనోన్ 2030 నాటికి తన తాజా పాల నుంచి వచ్చే మీథేన్‌ను 30 శాతం తగ్గిస్తానని 2023లో ప్రకటించింది. మన దేశంలోనూ భారత వ్యవసాయ పరిశోధన మండలి ‘హరిత ధార’ అనే మేత మిశ్రమం తయారుచేసింది. అది మీథేన్‌ను 17 నుంచి 20 శాతం తగ్గిస్తుందని చెప్పారు. మంచిదే. అయితే వట్టిపోయి నిలబడ్డ గేదె కూడా మేత తింటుంది, మీథేన్ వదులుతుంది, పాలు మాత్రం ఇవ్వదు. ఎండకు తట్టుకుని, సకాలంలో చూడి కట్టి, వేసవిలోనూ పాలిచ్చే గేదె దగ్గర లీటరుకు పడే మీథేన్ తక్కువ. రైతుకు మేలు చేసే నీడే వాతావరణానికీ మేలు చేస్తుంది. ఈ రెండిటినీ వేరువేరు పద్దుల్లో రాసే పెట్టుబడి సంస్థలు ఇది గమనించాలి.

ఎండకు తట్టుకునే జాతి మీద పెట్టుబడి పెడితే ఏమవుతుందో చూడాలంటే బ్రెజిల్ చూడాలి. 19వ శతాబ్దం నుంచీ అక్కడి పశుపోషకులు మన ఒంగోలు గిత్తల్ని ఓడలెక్కించి తీసుకెళ్ళారు. 1960ల తొలి ఏళ్ళలో ఒంగోలు దగ్గరి కరవది ఊరి గిత్త కూడా వెళ్ళింది; ఆ గిత్త పేరే అక్కడ కరవది. మన నెల్లూరు పేరుతో ‘నెలోర్’ అని పిలిచే ఆ జాతి ఈ రోజు బ్రెజిల్ పశుసంపదకు వెన్నెముక. వియాటినా-19 అనే నెలోర్ ఆవు విలువ 2023లో 43 లక్షల డాలర్లని తేలింది. ఆ పెట్టుబడి ప్రభుత్వాలు మాత్రమే పెట్టింది కాదు. రైతులు, వ్యాపారులు తరాల పాటు ఎంపిక చేసి, లెక్కలు రాసి, ఓపికగా పెట్టినది. మన దగ్గర గుంటూరు లాం ఫారంలో శాస్త్రవేత్తలు ఆ జాతిని కాపాడుతూ వస్తున్నారు. డెల్టా గేదెల్లో ఎండకు ఏది తట్టుకుంటోందో, ఏది వేసవిలోనూ చూడి కడుతోందో రాసిపెట్టే పుస్తకం మాత్రం ఇంకా ఊరి చేతికి రాలేదు. డెయిరీ యాప్‌లో రోజూ పాల లెక్క ఎక్కుతూనే ఉంది. దానికి ఎద తేదీ, ఈత తేదీ కలిపితే ఆ పుస్తకం తయారవుతుంది. దాని నుంచి మంచి దున్నల్ని ఎంచుకోవచ్చు.

కృష్ణా డెల్టాలో ఏ డెయిరీ అయినా రేపే మొదలుపెట్టగల పని ఒకటుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పోసే ప్రతి లీటరుకు ఇంత అదనం అని ముందుగా రాతపూర్వకంగా చెప్పడం, ఆ అదనంలో కొంత పాక నీడకూ, ఫ్యానుకూ అడ్వాన్సుగా ఇచ్చి పాలబిల్లులో నెమ్మదిగా పట్టుకోవడం. ధర ముందే తెలిస్తే రైతు మేతకు నేల కేటాయిస్తాడు. అర ఎకరం మినుము తగ్గించుకుని అక్కడ పిల్లిపెసర చల్లాలా వద్దా అన్నది ఆయన అప్పుడే తేల్చుకోగలడు. వేసవి వచ్చాక ప్రకటించే బోనస్ వల్ల పాలు ఇంకో కేంద్రానికి మారతాయే తప్ప పెరగవు. అందుకని ఆ ఒప్పంద పత్రం పెదపారుపూడి రైతు చేతికి అందాల్సింది నవంబరులో, చేలో వరి ఇంకా నిలబడి ఉండగా, విత్తనం చల్లే వారానికి ముందు.